హోమ్‌స్కూల్ పిల్లల్ని కాలేజీకి సిద్ధం చేయడం: తొమ్మిదో తరగతి నుంచే మొదలుపెట్టాల్సిన పనులు

పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నామని చెప్పగానే గుంటూరులో ఉన్న అత్తయ్య దగ్గర్నుంచి చర్చిలో పక్క వరుసలో కూర్చునే ఆంటీ వరకు అందరూ అడిగేది ఒకటే, "మరి కాలేజీలో ఎవరు తీసుకుంటారమ్మా?" తీసుకుంటారు. అమెరికాలో హోమ్‌స్కూల్ పిల్లలు స్టేట్ యూనివర్సిటీలకు వెళ్తున్నారు, క్రైస్తవ కాలేజీలకు వెళ్తున్నారు, ఎమ్‌ఐటీ లాంటి చోట్లకు కూడా వెళ్తున్నారు, కాబట్టి ఆ టెన్షన్ పక్కన పెట్టేయండి. నేను ఎక్కువగా ఆలోచించేది ఇంకో విషయం గురించి. మన ఇళ్లలో టీచరూ అమ్మే, ప్రిన్సిపాలూ అమ్మే, కౌన్సిలరూ అమ్మే, పొద్దున ప్రార్థనకు లేపేదీ అమ్మే. ఆగస్టులో డార్మ్‌లో దింపి వచ్చేసిన రోజున ఈ పనులన్నీ ఒకేసారి ఆ పిల్ల మీద పడతాయి. అందుకే తొమ్మిదో తరగతి నుంచి ఒక్కో పనినీ మన చేతిలోంచి వాళ్ల చేతికి అప్పగిస్తూ రావాలి. నేను టెక్సాస్‌లో ఉంటాను కాబట్టి ఇక్కడి విషయాలే ఎక్కువ చెప్తాను, మీ రాష్ట్రం రూల్స్ మీరు విడిగా చూసుకోండి. టెక్సాస్‌లో 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం హోమ్‌స్కూల్ అంటే ప్రైవేటు స్కూలే, ఎవరికీ రిపోర్టు పంపక్కర్లేదు. న్యూజెర్సీలో కూడా దాదాపు అంతే. న్యూయార్క్‌లో మాత్రం ఏడాదికోసారి ప్లాన్, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి, పెన్సిల్వేనియాలో ప్రతి ఏడాదీ పోర్ట్‌ఫోలియో చూపించాలి.

ట్రాన్స్‌క్రిప్ట్

ట్రాన్స్‌క్రిప్ట్ అంటే హైస్కూలు నాలుగేళ్ల సబ్జెక్టులూ గ్రేడ్లూ చూపించే కాగితం. దీనికి భయపడేవాళ్లే ఎక్కువ, నిజానికి అన్నిటికంటే తేలికైన పని ఇదే, ఆలస్యం చేయనంత వరకు. ట్రాన్స్‌క్రిప్ట్ తయారుచేసేది మీరే, సంతకం పెట్టేదీ మీరే, డిప్లొమా ఇచ్చేదీ మీరే. మొదటి రోజే మీ స్కూలుకు ఒక పేరు పెట్టుకుని అన్ని కాగితాల మీదా అదే పేరు, అదే స్పెల్లింగు వాడండి. ఒక పేజీ చాలు. ఏ ఏడాది ఏ సబ్జెక్టు, ఎన్ని క్రెడిట్లు, ఏ గ్రేడు, చివర జీపీఏ, గ్రాడ్యుయేషన్ తేదీ. ఒక సబ్జెక్టు మీద ఏడాదికి 120 నుంచి 180 గంటలు పెడితే ఒక క్రెడిట్ అని లెక్క వేసుకుంటారు. ఇంగ్లిష్ 4, లెక్కలు 4, ల్యాబ్‌తో కలిపి సైన్స్ 3 లేక 4, సోషల్ 3 లేక 4, వేరే భాష 2, ఇవి ఉంటే చాలా కాలేజీలకు సరిపోతుంది.

బైబిల్ క్లాసు కూడా ట్రాన్స్‌క్రిప్ట్‌లో పెట్టొచ్చు, ఎలెక్టివ్‌గా, అంటే ఐచ్ఛిక సబ్జెక్టుగా. కానీ కుటుంబ ప్రార్థనను తీసుకొచ్చి క్రెడిట్ చేయకండి. చదివిన పుస్తకాలు, రాసిన వ్యాసాలు, పెట్టిన పరీక్షలు ఉంటేనే అది క్లాసు, "పాత నిబంధన పరిచయం" లాంటి మామూలు పేరు పెట్టండి. తెలుగు విషయం కూడా చెప్పాలి. మన పిల్లలు తెలుగు బైబిల్ తడబడకుండా చదవగలిగితే, ఉత్తరం రాయగలిగితే, దాన్ని వేరే భాష క్రెడిట్‌గా చూపించే కుటుంబాలున్నాయి. బయటి రుజువు కావాలంటే అమెరికాలో యాక్ట్‌ఫుల్ అనే భాషా బోధన సంస్థ వాళ్ల మౌఖిక పరీక్ష తెలుగులో కూడా ఉంది. కాకపోతే కొన్ని కాలేజీలు ఇంటి భాషను ఒప్పుకోవు, ముందే మెయిల్ పెట్టి అడగండి.

ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు ప్రతి క్లాసుకూ ఒక చిన్న వివరణ రాసి ఉంచుకోండి, ఏ పుస్తకం వాడారు, గ్రేడు దేన్నిబట్టి ఇచ్చారు అని నాలుగైదు వాక్యాలు. క్లాసు అయిన నెలలోనే రాస్తే అరగంట పని, పన్నెండో తరగతి అక్టోబరులో నాలుగేళ్లవీ కూర్చుని గుర్తుచేసుకోవాలంటే ఎవరి వల్లా కాదు. ఈ ఫైల్ నిర్వహణ పదో తరగతి నుంచి పిల్లలకే ఇవ్వండి, గ్రేడు మీరు వేయండి, రికార్డు వాళ్లు ఉంచుతారు. తన కాగితాలు ఎక్కడున్నాయో తెలిసిన పిల్ల కాలేజీ ఆఫీసులో తడుముకోదు.

అమ్మ ఇచ్చిన 'ఏ' గ్రేడుకు బయటి సాక్ష్యం

అడ్మిషన్ల వాళ్లు మన గ్రేడ్లను అనుమానిస్తారని బాధపడాల్సిన పని లేదు, వాళ్లకు పోల్చి చూడడానికి ఇంకేదైనా కావాలి, అంతే. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్, యాక్ట్ పరీక్షలు, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో రాసే ఏపీ పరీక్షలు, దగ్గర్లోని రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో క్లాసులు, వీటిలో రెండు మూడు ఉంటే చాలు.

శాట్ ఇప్పుడు కంప్యూటర్ మీదే, రెండుంపావు గంటల్లో అయిపోతుంది. రిజిస్టర్ చేసేటప్పుడు స్కూల్ కోడ్ అడుగుతుంది, హోమ్‌స్కూల్ పిల్లలకు 970000. యాక్ట్‌కు 969999. పరీక్ష రోజు ఫోటో ఐడీ తప్పనిసరి, మన పిల్లలకు స్కూల్ ఐడీ ఉండదు కాబట్టి పాస్‌పోర్టు గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ ఎక్స్‌పైర్ కాకుండా చూసుకోండి, ముందురోజు రాత్రి వెతుక్కుంటే దొరకదు. శాట్‌కు ముందు పదకొండో తరగతి అక్టోబరులో రాసే సన్నాహక పరీక్ష పీశాట్‌కు మాత్రం దగ్గరున్న హైస్కూలును వేసవిలోనే అడిగి ఒప్పించుకోవాలి, నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు దారి అదే. ఏపీ పరీక్షలకూ ఇలాగే ఏదో ఒక స్కూలు మన పిల్లల్ని కూర్చోనివ్వాలి, మే నెలలో పరీక్ష అయినా నవంబరు మధ్యలోపే ఆర్డరు పెట్టేస్తారు, అందుకని ఆగస్టులోనే ఫోన్లు మొదలుపెట్టండి. శాట్‌కు బదులుగా 2015లో మొదలైన సీఎల్‌టీ (క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్) పరీక్షను చాలా క్రైస్తవ కాలేజీలు తీసుకుంటాయి, 2023 నుంచి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలు కూడా. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ) మళ్లీ శాట్ లేక యాక్ట్ తప్పనిసరి చేసింది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు లెక్క వేరు, అక్కడ యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) శాట్ అసలు చూడవు, కమ్యూనిటీ కాలేజీ క్లాసులూ ఏపీ స్కోర్లే మీ సాక్ష్యం.

నన్నడిగితే అన్నిటికంటే మంచిది డ్యూయల్ క్రెడిట్, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసు తీసుకుని రెండు చోట్లా లెక్కలోకి తెచ్చుకోవడం. ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ వైపు ఉన్నవాళ్లకు కాలిన్ కాలేజీ పక్కనే ఉంది. టెక్సాస్ పబ్లిక్ కాలేజీలన్నిటికీ 42 క్రెడిట్ గంటల ఉమ్మడి కోర్ (అందరూ చదవాల్సిన క్లాసులు) ఉంది, మొదటి ఏడాది ఇంగ్లిష్ క్లాసు ఇంగ్లిష్ 1301 ఎక్కడ చదివినా ఇంగ్లిష్ 1301గానే లెక్క. ఫీజు కలిసి రావడం ఒక లాభం, కానీ నాకు ముఖ్యమైనది అది కాదు. తెలియని టీచరు, మార్చడానికి వీల్లేని గడువు, క్లాసులో రకరకాల మనుషులు, సాయంత్రానికి అన్నం పెట్టే అమ్మ మాత్రం ఇంట్లోనే, ఇంతకంటే మంచి రిహార్సల్ దొరకదు. పదకొండో తరగతిలో ఒక్క క్లాసుతో మొదలుపెట్టండి, ఆ తర్వాత రెండు.

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి, మన తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. కాలేజీ గ్రేడు శాశ్వతం. రేపు మెడికల్ స్కూలుకు అప్లై చేసేటప్పుడు హైస్కూల్లో ఉండగా చదివిన కాలేజీ క్లాసులతో సహా అన్నీ చూపించాలి, పదహారేళ్లప్పుడు తెచ్చుకున్న 'సి' కూడా. పాప డాక్టర్ అవ్వాలన్న తొందరలో కెమిస్ట్రీ, బయాలజీ రెండూ ఒకే సెమిస్టర్‌లో ఎక్కించకండి. రెండోది, ఈ క్లాసులు హైస్కూల్ గ్రాడ్యుయేషన్ తేదీకి ముందే పూర్తవ్వాలి, ఆ తర్వాత తీసుకుంటే కొన్ని కాలేజీలు ఫ్రెష్‌మన్‌గా (మొదటి ఏడాది విద్యార్థిగా) కాకుండా ట్రాన్స్‌ఫర్ కింద చూస్తాయి, ఫ్రెష్‌మన్ స్కాలర్‌షిప్‌లు పోతాయి. మూడోది, ఫెర్పా అనే 1974 నాటి విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం ప్రకారం కాలేజీలో అడుగుపెట్టిన రోజు నుంచి, వయసు పదహారైనా సరే, ఆ కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. మీరు ప్రొఫెసర్‌కు మెయిల్ పెడితే జవాబు రాకపోవచ్చు. అసలు మీరు మెయిల్ పెట్టకండి. ప్రొఫెసర్‌కు ఎలా రాయాలో కూర్చోబెట్టి నేర్పండి, సబ్జెక్ట్ లైను, క్లాసు పేరు, అడగదలచుకున్నది రెండు వాక్యాల్లో, కింద తన పేరు. పంపాల్సింది తనే.

రికమెండేషన్ ఉత్తరాలు కూడా ఇక్కడినుంచే వస్తాయి. చాలా కాలేజీలకు ఒకేసారి అప్లై చేసే ఉమ్మడి ఫారం కామన్ యాప్‌లో కౌన్సిలర్ భాగం మీరే నింపాలి, స్కూల్ ప్రొఫైల్, ట్రాన్స్‌క్రిప్ట్, కౌన్సిలర్ ఉత్తరం అన్నీ మీవే, అందుకే టీచర్ ఉత్తరాలు బయటివాళ్లవి అయి ఉండాలి. కో-ఆప్ (హోమ్‌స్కూల్ కుటుంబాలు కలిసి నడిపే క్లాసుల) టీచరు, కాలేజీ ప్రొఫెసర్, వాలంటీర్ పని చేయించిన సూపర్‌వైజర్. పాస్టర్ గారి ఉత్తరం అదనంగా పెట్టండి, టీచర్ ఉత్తరం బదులు పెట్టకండి.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండు దారులు

ఇంగ్లిష్‌లో వచ్చే హోమ్‌స్కూల్ గైడ్లలో ఈ భాగం ఉండదు, మన వాళ్లకు మాత్రం ప్రాణం మీదికి వచ్చే విషయం. పెద్దమ్మాయి హైదరాబాదులో పుట్టింది, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంది. చిన్నోడు ఇక్కడే పుట్టాడు, సిటిజన్. ఇలాంటి ఇళ్లు ఎన్నో. చిన్నోడు ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు నింపొచ్చు, తల్లిదండ్రుల వీసా ఏదైనా పర్వాలేదు, హైస్కూల్ పూర్తి చేసిన విధానం దగ్గర హోమ్‌స్కూల్ అని ఎంచుకుంటే సరిపోతుంది. మామూలుగా అక్టోబరు 1న తెరుస్తారు. పెద్దమ్మాయికి ఫెడరల్ సాయం రాదు, పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు, డబ్బులిచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు, 21 ఏళ్లు నిండితే హెచ్-4 ముగుస్తుంది. గ్రీన్ కార్డు అప్పటికి రాకపోతే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. అందుకే తనకు కాలేజీలు ఎంచేటప్పుడు కాలేజీ సొంత డబ్బుతో ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఎవరికి ఇస్తారో, హెచ్-4 వాళ్లకు ఇన్-స్టేట్ (ఆ రాష్ట్రం వాళ్లకు ఇచ్చే తక్కువ) ఫీజు ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. పదో తరగతిలోనే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, పిల్లల వయసు లెక్కలో కొన్ని సడలింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో ఆయనే చెప్పాలి.

ఈ మాట పిల్లకు దాచకండి. పదిహేనేళ్ల పిల్ల అర్థం చేసుకోగలదు. తమ్ముడికి ఉన్నది తనకు ఎందుకు లేదో స్కాలర్‌షిప్ ఫారం నింపుతూ ఉన్నట్టుండి తెలుసుకోవడం కంటే అమ్మానాన్నల నోటి వెంట వినడం మేలు, కలిసి ప్రార్థన చేయడానికి కూడా అప్పుడు వీలవుతుంది.

ఎంబీబీఎస్‌కు ఇండియా పంపుదాం అనుకునేవాళ్లకు ఒక్క మాట. ఇంట్లో ఇచ్చిన డిప్లొమా మీద ఆధారపడి ఆ ప్లాన్ వేయకండి. గుర్తింపు ఉన్న దూరవిద్యా స్కూలో, ఇండియా ఓపెన్ స్కూల్ బోర్డు ఎన్‌ఐఓఎస్ లాంటి బోర్డో తొమ్మిదిలోనే చూసుకోవాలి.

విశ్వాసం వాళ్లదవ్వాలి

మనం హోమ్‌స్కూల్ మొదలుపెట్టిందే చాలావరకు దీనికోసం, అందుకని దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

పిల్ల రోజూ బైబిల్ చదువుతోంది, యూత్ మీటింగ్‌లో పాటలు పాడుతోంది, బాప్తిస్మం తీసుకుంది, కాబట్టి బలంగా ఉందనుకుంటాం. ఒక్కసారి గమనించండి, ఇందులో మీరు లేపకుండా, గుర్తుచేయకుండా, కారులో తీసుకెళ్లకుండా తనంతట తను చేసేది ఎంత? పదకొండో తరగతి నుంచి లేపడం మానేయండి. కుటుంబ ప్రార్థన అందరూ కలిసి చేసుకోండి, తన వ్యక్తిగత ధ్యానం గురించి మాత్రం అడగకండి, కొన్ని వారాలు చదవకపోయినా ఓర్చుకోండి. ఇంట్లో ఉండగా ఆ ఖాళీ తెలిస్తే మాట్లాడుకోవడానికి మీరు పక్కనే ఉంటారు. మన తెలుగు సంఘాల్లో ఇంకో ఇబ్బంది ఉంది, ప్రసంగం సగం అర్థంకాక ఫోన్‌లో ఇంగ్లిష్ బైబిల్ చూస్తూ కూర్చునే పిల్లలు ఎంతమందో. వాళ్లకు సంఘంలో ఒక పని ఉండాలి. సౌండ్ బోర్డు, సండే స్కూల్‌లో చిన్నపిల్లల క్లాసు, కొత్తగా ఇండియా నుంచి వచ్చిన కుటుంబాలకు సాయం, ఏదైనా సరే, తను రాకపోతే ఆగిపోయే పని ఒకటి. పెద్దలు కూడా ఈ విషయంలో పిల్లల్ని నమ్మాలి, పదహారేళ్ల అబ్బాయిని ఇంకా కుర్చీలు సర్దడానికే పిలుస్తుంటే ఎలా?

ఇక ప్రశ్నలు. దేవుడు మంచివాడైతే చిన్నపిల్లలకు క్యాన్సర్ ఎందుకు, మా హిందూ తాతయ్య అంత మంచివాడు కదా ఆయన సంగతేంటి, ఆదికాండం ఒకటో అధ్యాయాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, గే అయిన క్లాస్‌మేట్‌తో ఎలా ఉండాలి. ఇవి కాలేజీలో మొదటిసారి వినకూడదు. భోజనాల దగ్గర రావాలి, వచ్చినప్పుడు మీ ముఖం మారకూడదు. "అలా అడగకూడదు" అన్న ఇంట్లో ప్రశ్నలు ఆగవు, మీకు వినిపించడం ఆగిపోతుంది. తెలియకపోతే తెలియదని చెప్పి పాస్టర్ గారి దగ్గరికి కలిసి వెళ్లండి, కలిసి చదవండి. సైన్సు విషయంలో నా అభిప్రాయం కొంతమందికి నచ్చదని తెలుసు, అయినా చెప్తాను. సృష్టి గురించి మీ కుటుంబం ఏది నమ్మినా సరే, పరిణామ సిద్ధాంతాన్ని యూనివర్సిటీలో బోధించే పద్ధతిలోనే, వాళ్ల వాదనను వాళ్ల మాటల్లోనే పూర్తిగా నేర్పండి. ఎగతాళి చేసి నేర్పిన విషయం లెక్చర్ హాల్లో గట్టిగా వినిపిస్తే పిల్లకు ముందుగా వచ్చే అనుమానం ఆ సైన్సు మీద రాదు, మన మీద వస్తుంది. దానియేలూ అతని స్నేహితులూ బబులోనులో కల్దీయుల విద్యనూ భాషనూ నేర్చుకున్నారని మొదటి అధ్యాయంలోనే ఉంది, అక్కడి జ్ఞానులందరికంటే పదింతలు మేటిగా నేర్చుకున్నారు, ఎక్కడ గీత గీయాలో కూడా వాళ్లకే తెలిసింది.

వేరే నమ్మకాల వాళ్లతో కలిసి ఉండడం మన పిల్లలకు అమెరికన్ క్రైస్తవ కుటుంబాల పిల్లలకంటే తేలికే అనుకుంటాను, ఎందుకంటే మన బంధువుల్లో, స్నేహితుల్లో హిందువులు ఎలాగూ ఉంటారు. ఆ అలవాటును కాపాడండి. దీపావళికి పిలిచిన ఇంటికి వెళ్లి, ఏది చేస్తానో ఏది చేయనో మర్యాదగా చెప్పి, ఆప్యాయంగా భోంచేసి రావడం నేర్చుకున్న అమ్మాయికి రూమ్‌మేట్ ఎవరైనా ఇబ్బంది ఉండదు.

క్యాంపస్ చూడడానికి వెళ్లినప్పుడు లైబ్రరీ, జిమ్ చూసి వచ్చేయకుండా దగ్గర్లో రెండు మూడు సంఘాలు కూడా చూడండి. క్రైస్తవ విద్యార్థి బృందాలైన ఇంటర్‌వర్సిటీ, క్రూ, నావిగేటర్స్, టెక్సాస్‌లో అయితే బీఎస్‌ఎమ్ (బాప్టిస్టు విద్యార్థి బృందం), వీటిలో ఏది ఆ క్యాంపస్‌లో చురుగ్గా ఉందో కనుక్కుని పిల్లలనే ముందుగా మెసేజ్ పెట్టమనండి. ఇండియాలో యూఈఎస్‌ఐ అనే క్రైస్తవ విద్యార్థి సంఘం కూడికల్లో పెరిగిన తల్లిదండ్రులకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. దింపిన వారం వచ్చే మొదటి ఆదివారం ఎక్కడికి వెళ్లాలో, ఎవరి కారులో వెళ్లాలో ఇంటి దగ్గర బయల్దేరేముందే తెలిసి ఉండాలి.

క్రైస్తవ కాలేజీయే కావాలంటే మంచివి ఉన్నాయి. ఇంజనీరింగ్‌కు లాంగ్‌వ్యూలో లెటర్నో, డాలస్ బాప్టిస్ట్, వేకోలో బేలర్, ఇల్లినాయిలో వీటన్, 2000లో మొదలైన వర్జీనియాలోని పాట్రిక్ హెన్రీ కాలేజీ అయితే హోమ్‌స్కూల్ పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే పెట్టారు. కానీ ఆ బోర్డు చూసి విశ్వాసం బాధ్యత కాలేజీకి అప్పగించేశాం అనుకోవద్దు. చిన్న బైబిల్ కాలేజీ అయితే గుర్తింపు ఉందో లేదో అమెరికా విద్యాశాఖ వెబ్‌సైటులో చూడండి, గుర్తింపు లేని డిగ్రీతో తర్వాత మాస్టర్స్ చేయాలంటే తలుపులు మూసుకుపోతాయి. అసలు నాలుగేళ్ల కాలేజీకి వెళ్లని పిల్లలూ ఉంటారు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల నర్సింగ్, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్, ఒక ఏడాది మిషన్ పని, ఇవన్నీ పిలుపులే. కంప్యూటర్ సైన్స్ ఒక్కటే దేవుని చిత్తం అన్నట్టు మన సంఘాల్లో మాట్లాడుకోవడం ఆపాలి.

18 దాటాక

టెక్సాస్‌లో తల్లిదండ్రులే డ్రైవింగ్ నేర్పించే పద్ధతి ఉంది, పదిహేనేళ్లకు లెర్నర్ పర్మిట్, హోమ్‌స్కూల్ ఇళ్లకు టైము కూడా కుదురుతుంది, వాడుకోండి. పదో తరగతిలో బ్యాంకు ఖాతా, పదకొండు నుంచి బట్టలూ ఫోన్ ఖర్చూ నెలకు ఇంత అని ఇచ్చేసి మళ్లీ అడగొద్దనండి, దశమభాగం తన డబ్బులోంచి తనే తీయాలి. బట్టలు ఉతుక్కోవడం, పప్పూ అన్నం వండుకోవడం అబ్బాయిలకు కూడా. డెంటిస్టుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం తన పనే, నాన్న పక్కన కూర్చుని వినొచ్చు.

18వ పుట్టినరోజు తర్వాత ఆసుపత్రి వాళ్లు మీకు ఏమీ చెప్పక్కర్లేదు. పిల్ల ఆస్టిన్‌లో ఎమర్జెన్సీలో ఉంటే మీరు ఫ్రిస్కోలో ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సి రావచ్చు, అందుకని మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ (వైద్య నిర్ణయాలకు అధికార పత్రం), హిపా (వైద్య రికార్డుల గోప్యత చట్టం) అనుమతి పత్రం పుట్టినరోజు వారంలోనే సంతకం పెట్టించి ఫోన్‌లో కాపీ ఉంచుకోండి. ఇన్సూరెన్స్ మీ ప్లాన్‌లోనే 26 ఏళ్ల వరకు ఉంచొచ్చు. సిటిజన్, గ్రీన్ కార్డు అబ్బాయిలు సెలెక్టివ్ సర్వీస్‌లో (సైన్యానికి పిలవడానికి ఉంచే జాబితాలో) నమోదు అయ్యారో లేదో చూడండి. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు సెమిస్టర్ మొదలవడానికి కనీసం పది రోజుల ముందు మెనింజైటిస్ టీకా వేయించుకోవాలి, ఇది లేక రిజిస్ట్రేషన్ ఆగిపోయే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. స్కూలు నర్సు మనకు లేదు కదా, టీకాల రికార్డు మొత్తం తల్లే వెతకాలి.

దింపడానికి ముందు ఫోన్ సంగతి మాట్లాడుకోండి. వారంలో ఏ రోజు, ఎంతసేపు అన్నది తనే చెప్పాలి, లొకేషన్ యాప్ ఉండాలా వద్దా అన్నది కూడా ఇద్దరూ ఒప్పుకునే నిర్ణయించండి. మొదటి సెమిస్టర్‌లో క్లాసు వదులుకునే చివరి తేదీ ఎప్పుడో, ట్యూటరింగ్ సెంటర్ ఎక్కడో తనకు తెలుసో లేదో అడిగి చూడండి. అక్టోబరులో ఫోన్ చేసి "కాలిక్యులస్ పోతుందేమో అమ్మా" అని ఏడిస్తే వినండి, ప్రార్థన చేయండి, అడ్వైజర్‌ను కలిశావా అని అడగండి. లాగిన్ పాస్‌వర్డు మాత్రం అడగొద్దు.